ఇంటి నెట్‌లో అశ్లీల సైట్లు రాకుండా చేసుకోవడం ఎట్లా

ప్రభుత్వం బ్లాక్ చేసిందన్న వార్త చూసి పిల్లల ఫోన్ సంగతి వదిలేస్తే లాభం లేదు. 2015 ఆగస్టులో కేంద్రం 857 సైట్లను ఆపించి, గోల మొదలవగానే వెనక్కి తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం మీద ఆ జాబితాలోంచి 30 తీసేసి 827 సైట్లను మూయించింది. ఇవన్నీ పేర్ల పట్టికలు. పేరులో ఒక అక్షరం మార్చి అదే సైటు మళ్లీ తెరుచుకుంటుంది, కొత్త పేరు పట్టికకు ఎక్కేదాకా దాన్ని ఆపేవాళ్లుండరు. కాబట్టి రెండు చోట్ల మనమే చేసుకోవాలి: రౌటర్‌లో, ఫోన్‌లో.

ముందు రౌటర్. హనుమకొండలోనైనా నర్సంపేటలోనైనా కేబుల్ ఆయన గోడకు బిగించి పోయిన డబ్బా అదే. వైఫై కలిపిన ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 కొట్టండి, జియో అయితే 192.168.29.1. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చాలావరకు డబ్బా అడుగున స్టిక్కర్ మీదే ఉంటాయి. లోపల డీహెచ్‌సీపీ (కలిసిన ఫోన్లకు నెట్ వివరాలు పంచేది) సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ గడులు రెండుంటాయి. సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిచ్చే సర్వరే డీఎన్‌ఎస్. మొదటిదాంట్లో 1.1.1.3, రెండోదాంట్లో 1.0.0.3 పెట్టండి. ఇవి క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఉచితంగా నడిపే ఫ్యామిలీ సర్వర్లు, అశ్లీల సైట్ల చిరునామా ఇవ్వవు. చివరి అంకె తప్పితే పని కాదు: 1.1.1.1 దేన్నీ ఆపదు, 1.1.1.2 వైరస్ సైట్లను మాత్రమే ఆపుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు రెండో గడిలో 8.8.8.8 పెట్టడం. అది ఏ ఫిల్టరూ లేని గూగుల్ డీఎన్‌ఎస్. మొదటిది పనిచేయనప్పుడే రెండోది అందుకుంటుందనుకుంటారు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రెండింటిలో దేన్నైనా అడుగుతాయి, అందుకే ఒకసారి ఆగిన సైటు ఇంకోసారి తెరుచుకుంటుంది. ఇంకో చిల్లు ఐపీవీ6, అంటే కొత్త రకం నెట్ చిరునామాలు. కనెక్షన్‌లో అది ఆన్‌లో ఉంటే ఫోన్, నెట్ ఇచ్చిన కంపెనీవాళ్ల డీఎన్‌ఎస్‌నే అడిగి ఫిల్టర్ దాటిపోతుంది. అక్కడ కూడా 2606:4700:4700::1113, 2606:4700:4700::1003 పెట్టాలి. కొన్ని డబ్బాల్లో ఈ గడులకు తాళం ఉంటుంది. కనెక్షన్ ఇచ్చినాయనను అడగండి, ఆయన తీయనంటే ఫోన్ల మీద ఆధారపడాల్సిందే.

సేవ్ చేసి రౌటర్ ఆపి ఆన్ చేయండి, ప్రతి ఫోన్‌లో వైఫై ఒకసారి ఆపి మళ్లీ కలపండి. లేకపోతే పాత డీఎన్‌ఎస్ కొంతసేపు అట్లే నడుస్తుంది. పరీక్షకు అసలు బూతు సైటు తెరవక్కర్లేదు. న్యూడిటీ డాట్ టెస్ట్‌కేటగిరీ డాట్ కామ్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అది తెరుచుకోకపోతే ఫిల్టర్ పడినట్టే.

రౌటర్ కాపలా గడప దాకే. మొబైల్ డేటా ఆన్ చేస్తే పోయింది. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని వెతికి, ప్రొవైడర్ పేరు గడిలో ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ హైఫన్ డీఎన్‌ఎస్ డాట్ కామ్ అని ఇంగ్లిష్‌లో, ఖాళీలు లేకుండా కొట్టండి. ఇది డేటా మీదా పనిచేస్తుంది. తంటా ఒకటుంది: స్టేషన్లలో రైల్‌వైర్ వైఫైలాంటివి కలిపితే లాగిన్ పేజీ రాకపోవచ్చు. అప్పుడు ఆటోమేటిక్‌కు మార్చి, లాగిన్ అయ్యాక తిరిగి పేరు పెట్టాలి. ఈ సెట్టింగుకు పాస్‌వర్డ్ లేదు, పదో తరగతి పిల్లగాడు అర నిమిషంలో తీసేస్తాడు. అందుకే చిన్నపిల్లల ఫోన్‌కు ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ను పెద్దలు అదుపు చేసే గూగుల్ యాప్) కూడా కావాలి; కొత్త యాప్ ఏదైనా మీ అనుమతితోనే దిగేలా పెడితే, ఫిల్టర్‌ను తప్పించి వేరే దారిన నెట్ నడిపే వీపీఎన్ యాప్‌లు రావు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ కింద వెబ్ కంటెంట్‌లో లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్ ఎంచి, ఫోన్ లాక్‌ది కాని వేరే పాస్‌కోడ్ పెట్టండి.

ఫిల్టర్ యాప్ అంటూ ఉచితంగా వచ్చి యాక్సెసిబిలిటీ అనుమతి అడిగేవాటి జోలికి పోకండి. స్క్రీన్ మీద ప్రతి అక్షరం వాటికి కనబడుతుంది, ఓటీపీలతో సహా.

టెలిగ్రామ్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ లోపల వచ్చే వీడియోలను డీఎన్‌ఎస్ పట్టలేదు. యాప్‌లో ఒక్క గ్రూపును మాత్రమే అది ఆపలేదు. అక్కడ పిల్లలతో మాట్లాడటమే మిగిలిన దారి. గ్రూపులో మైనర్ల అశ్లీల వీడియో వస్తే సాక్ష్యం కోసమని కూడా ఫార్వర్డ్ చేయకండి. ఐటీ చట్టం 67బి కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా; దాచుకోవడం కూడా నేరం కావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. గ్రూపు పేరు, నంబరు, సమయం రాసుకుని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, పేరు చెప్పకుండానూ చేయొచ్చు. వీడియో చూపి డబ్బు గుంజితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.