లారీ, బస్సు బ్రేక్ ప్యాడ్లు కొనేముందు పాత ప్యాడ్లను చదవండి

కొత్త ప్యాడ్లు తెచ్చేముందు పాతవి విప్పి, ఏ చక్రానివి ఆ చక్రం ముందే నేల మీద పేర్చండి. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ కలిసిపోకూడదు. ఎడమవీ కుడివీ కలిసిపోకూడదు. మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను మొదట నేర్పే పని ఇదే. విప్పినవన్నీ ఒకే తట్టలో పడేస్తే ఆ బండి గురించి తెలియాల్సిన సగం సంగతులు అక్కడే పోతాయి.

లోపలిదీ బయటిదీ సమానంగా అరిగితే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగం) బాగున్నట్టే. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మందంగా మిగిలితే క్యాలిపర్ గైడ్ పిన్నుల మీద జరగడం లేదు. ఒక చివర మందంగా, ఇంకో చివర పలచగా వాలుగా అరిగితే పిన్నుల బుష్‌లు లూజై ఉండొచ్చు, లేదా క్యారియర్‌లో ప్యాడ్ కూర్చునే చోట తుప్పు పేరుకుని ఉండొచ్చు. నూనె తడి కనిపిస్తే హబ్ సీలు (చక్రం మధ్య నుంచి నూనె కారకుండా ఆపేది) చూడాలి. ఇలాంటివి ఉన్నప్పుడు ఎంత మంచి ప్యాడ్ వేసినా కొద్ది నెలల్లోనే అరిగిపోతుంది, నింద ప్యాడ్ కంపెనీ మీద పడుతుంది. అందుకే ముందు బండి రిపేరు, తర్వాతే ప్యాడ్ కొనుగోలు.

ప్యాడ్ ముఖం కూడా చూడండి. అంచులు పెచ్చులుగా ఊడి, పగుళ్లు వచ్చి, పక్కలు బూడిద రంగుకు తిరిగి ఉంటే ఆ ప్యాడ్ తట్టుకోలేనంత వేడిని చూసింది. అద్దంలా నున్నగా మెరుస్తుంటే ఎక్కువగా తేలికపాటి బ్రేకులతోనే నడిచి ముఖం గట్టిపడి ఉండొచ్చు, లేదా ఒకసారి బాగా వేడెక్కి రెసిన్ పైకి తేలి ఉండొచ్చు. డ్రైవర్‌తో మాట్లాడితే ఏది నిజమో తెలుస్తుంది. ఏ దారిలో తిరుగుతున్నాడు, ఎంత లోడు, వాలు దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకు (ఇంజిన్‌తోనే వేగం తగ్గించడం) వాడుతున్నాడా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందా అని అడగండి.

పెద్ద బండి ప్యాడ్ విషయంలో అన్నీ వేడి దగ్గరికే వస్తాయి. 40 టన్నుల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే సుమారు 10 మెగాజౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. అదే వేగంలో ఒకటిన్నర టన్ను కారుకు ఇది 0.4 మెగాజౌల్ కూడా ఉండదు. వేగం 60 నుంచి 80కి పెరిగితే పెరిగింది మూడోవంతే అనిపిస్తుంది, కానీ వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 78 శాతం పెరుగుతుంది. ఇంజిన్ బ్రేకు సాయం లేనప్పుడు ఇందులో చాలా భాగం ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య వేడిగా మారుతుంది. ప్యాడ్‌లోని పీచునూ లోహపు పొడినీ కలిపి పట్టి ఉంచేది ఫినాలిక్ రెసిన్. హద్దు దాటి వేడెక్కితే ఆ రెసిన్ విడిపోయి వాయువులు వదులుతుంది, పట్టు జారిపోతుంది. హైడ్రాలిక్ బ్రేకుల్లో పెడల్ తేడా కాస్త కాలికి తెలుస్తుంది. గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకులో కాలి కింద పెడల్ ఎప్పటిలాగే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. నాకు ఈ పనిలో భయమంటూ ఉన్నది దీని గురించే.

కొనడానికి వచ్చే ఓనర్లు మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. అడగాల్సిందే, కానీ రెండో ప్రశ్నగా అడగండి. మొదటి ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడు ఎంత పట్టిందో, వేడెక్కాక కూడా అంత పడుతుందా?

దీనికి కొంత జవాబు ప్యాడ్ మీదే ఉంటుంది. చాలా ప్యాడ్ల అంచు మీదో వెనక ప్లేటు మీదో కంపెనీ పేరు, మిశ్రమం నంబరుతో పాటు రెండు అక్షరాలు ఉంటాయి: ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఈ, జీజీ, ఇలా. ఇది ఎస్‌ఏఈ (అమెరికాలోని వాహన ఇంజినీర్ల సంఘం) జే866 ప్రమాణం ప్రకారం ఇచ్చే కోడు. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. “ఈ” అక్షరం అంటే ఘర్షణ గుణకం (పట్టును కొలిచే అంకె) 0.25 నుంచి 0.35 మధ్య, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే అంతకు మించి. ఎఫ్‌ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు ఒక మెట్టు దిగుతుందని కంపెనీయే ఒప్పుకున్నట్టు. ఘాట్ రోడ్ల మీద తిరిగే బండికి నేను అలాంటిది వేయను. రెండో అక్షరం మొదటిదానికి సమానంగా ఉన్నదే తీసుకుంటాను.

ఈ కోడుకు పరిమితులున్నాయి, వాటిని తెలుసుకునే వాడాలి. అంగుళం చదరపు ముక్కను కోసి యంత్రం మీద పరీక్షించి ఇచ్చే అక్షరాలివి, మొత్తం ప్యాడ్‌ను బండి మీద పరీక్షించి ఇచ్చేవి కావు. ఎంతకాలం మన్నుతుంది, డిస్కును ఎంత తింటుంది అన్నది కోడు చెప్పదు. పైగా ఒక కంపెనీ ఎఫ్ 0.36 కావచ్చు, ఇంకో కంపెనీ ఎఫ్ 0.44 కావచ్చు. రెండింటి మీదా ఒకే అక్షరం, పట్టులో తేడా మాత్రం ఇరవై శాతం పైనే. అందుకే ఎడమ చక్రానికి ఒక కంపెనీది, కుడి చక్రానికి ఇంకోటి వేసి “రెండూ ఎఫ్‌ఎఫ్ కదా” అనుకోవద్దు. ఒక యాక్సిల్‌కి నాలుగు ప్యాడ్లూ ఒకే కంపెనీవి, ఒకే మిశ్రమానివి, వీలైతే ఒకే బ్యాచ్‌వి వేయాలి. ఒక పక్కే అరిగిందని ఆ పక్కకే మార్చడం నేను ఒప్పుకోను.

అక్షరాల కన్నా నేను ఎక్కువ నమ్మేది ఆర్90 గుర్తును. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 90వది మార్చి వేసే ప్యాడ్లు, లైనర్లు (డ్రమ్ము బ్రేకుల్లో ప్యాడ్ పని చేసేవి), డిస్కులు, డ్రమ్ముల గురించే. వెనక ప్లేటు మీద వృత్తంలో ఇంగ్లిష్ “E” అక్షరం, పక్కన అనుమతి ఇచ్చిన దేశం సంఖ్య ఉంటాయి. ఉదాహరణకు 1 జర్మనీ, 2 ఫ్రాన్స్, 4 నెదర్లాండ్స్. దగ్గరలోనే 90ఆర్ అని మొదలయ్యే అనుమతి నంబరు ఉంటుంది. ఈ అనుమతి రావాలంటే ప్యాడ్ పనితీరు బండితో వచ్చిన అసలు ప్యాడ్ పనితీరుకు 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలి. మరీ ఎక్కువ పట్టినా కుదరదు. ఒక యాక్సిల్ అతిగా పడితే ఆ చక్రాలే ముందు లాక్ అవుతాయి, ట్రైలర్ ఉంటే లాగే బండికీ ట్రైలర్‌కీ మధ్య బ్రేకు పంపకం చెడుతుంది. ఎయిర్ బ్రేకు బండ్లలో “పట్టు ఎక్కువైతే మంచిదేగా” అనే మాటకు చోటు లేదు. ఇదే నిబంధనలో ప్యాడ్ పదార్థం ప్లేటు నుంచి ఊడకుండా చదరపు సెంటీమీటరుకు కనీసం 250 న్యూటన్ల కోత బలాన్ని తట్టుకోవాలన్న షరతు కూడా ఉంది. డబ్బా సీలు వేసి ఉండాలి, ఒకసారి తెరిస్తే ఆ సంగతి తెలియాలి. సీలు ఊడిన డబ్బాను ఎంత తెలిసిన దుకాణంలోనైనా వెనక్కి ఇచ్చేయండి.

ఆకారం నంబర్లు వేరు. డబ్ల్యూవీఏ అంకెలు, ఎఫ్‌ఎంఎస్‌ఐ నంబర్లు ఆ ప్యాడ్ ఏ క్యాలిపర్‌లో కూర్చుంటుందో చెబుతాయి. సరైనది తీసుకోవడానికి అవి తప్పనిసరి, నాణ్యత గురించి మాత్రం ఏమీ చెప్పవు. ఒకే ఆకారం నంబరుతో అద్భుతమైనదీ దొరుకుతుంది, పనికిరానిదీ దొరుకుతుంది. దీనికి అమెరికా ట్రక్కులు మంచి ఉదాహరణ. అక్కడ 2009లో తెచ్చిన నిబంధనతో మామూలు మూడు యాక్సిళ్ల ట్రాక్టర్లు (ట్రైలర్‌ను లాగే లారీలు) లోడుతో గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగాల్సిన దూరం 355 అడుగుల నుంచి 250 అడుగులకు తగ్గింది. డ్రమ్ములోకి సరిగ్గా సరిపోతోంది కదా అని అలాంటి బండికి పాతతరం లైనర్లు వేస్తే ఆగే దూరం మళ్లీ పెరుగుతుంది. యాక్సిల్ మోసే బరువు కూడా చూడాలి. అక్కడ లైనర్లను 20,000 పౌండ్లకు ఒక రకం, 23,000 పౌండ్లకు ఒక రకం అని విడిగా అమ్ముతారు. అంటే సుమారు 9 టన్నులు, 10.4 టన్నులు. ఏ దేశంలోనైనా సూత్రం ఇదే: బండి ప్లేటు మీద రాసిన యాక్సిల్ బరువు చూసి, దానికి తగ్గ ప్యాడ్ అడగండి.

ఇక బండి చేసే పని. సిటీ బస్సు కొన్ని వందల మీటర్లకోసారి ఆగుతుంది, డిస్కు చల్లారే వ్యవధి ఉండదు. వేడిలో పట్టు నిలిచే, డిస్కును కొరకని మిశ్రమం దానికి కావాలి. గనుల్లో, నిర్మాణం పనుల్లో తిరిగే టిప్పర్లకు దుమ్మే పెద్ద శత్రువు. ఇసుక, రాతిపొడి ప్యాడ్ ముఖంలో దిగబడి డిస్కు మీద గాళ్లు పెడతాయి. అక్కడ ఎంత ఖరీదైన ప్యాడ్ అయినా అదనపు ఆయుష్షు పెద్దగా రాదు కాబట్టి తరచుగా విప్పి శుభ్రం చేయడం మీద ఖర్చు పెట్టమంటాను. హైవే మీద దూరాలు పోయే లారీకి ఆయుష్షు లెక్క నిజంగా కలిసొస్తుంది. రిటార్డర్ (చక్రాల బ్రేకు వాడకుండానే వేగం తగ్గించే పరికరం) ఉన్న బండ్లలో, బ్రేకు వేసినప్పుడు మోటారే బండిని నెమ్మది చేసే ఎలక్ట్రిక్ బస్సుల్లో సమస్య తిరగబడుతుంది. ప్యాడ్‌కు పని తక్కువై ముఖం నున్నబడుతుంది, అత్యవసరంలో మొదటి పట్టు ఆలస్యమవుతుంది. అలాంటి బండి కోసం చల్లటి పట్టు బాగున్న ప్యాడ్ అడగాలి. డ్రైవర్ కూడా లోడు ఉన్నప్పుడు అప్పుడప్పుడూ సురక్షితమైన చోట గట్టిగా బ్రేకు వేసి ముఖాన్ని శుభ్రం చేస్తుండాలి. డబ్బా మీద సిరామిక్ అనో, హెవీ డ్యూటీ అనో పెద్ద అక్షరాలతో ఉన్నంత మాత్రాన నేను కొనను. అనుమతి నంబరు, మిశ్రమం నంబరు, యాక్సిల్ బరువు అడుగుతాను. వాటికి సమాధానం రాకపోతే ఆ సరుకు వద్దు.

ప్యాడ్ చేతికి వచ్చాక తొందరపడకండి. నాలుగింటినీ డబ్బాలోంచి తీసి పక్కపక్కన పెట్టండి. మిశ్రమం నంబరు, బ్యాచ్ నంబరు ఒకటేనా చూడండి. వెర్నియర్‌తో మందం కొలవండి. పెద్ద ఎయిర్ డిస్క్ ప్యాడ్లలో చాలావాటికి మొత్తం మందం 30 మిల్లీమీటర్లు, అందులో ప్లేటు 9 ఉంటుంది. నాలుగూ ఒకే కొలత రావాలి. రెండు ప్యాడ్ల వెనక ప్లేట్లను ఒకదానికొకటి ఆనించి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ప్లేటు వంకర ఉంటే సందు కనిపిస్తుంది. తర్వాత పక్కనుంచి చూడండి. ప్లేటుకూ పదార్థానికీ మధ్య వెంట్రుకవాసి గీత కనిపించినా తీసుకోవద్దు, తుప్పు ఆ గీతలోంచే లోపలికి పాకి పదార్థాన్ని పైకి లేపుతుంది. జిగురు ఒక్కదాని మీదే ఆధారపడకుండా, ప్లేటుకున్న రంధ్రాల్లోకో, బుడిపెల మధ్యకో, అతికించిన జాలీలోకో పదార్థం దిగి పట్టుకునేలా చేసినవి నాకిష్టం. పెద్ద బండికి ఆ పట్టు ఉండాల్సిందే.

క్యారియర్‌ను తీగ బ్రష్‌తో శుభ్రం చేశాక ప్యాడ్‌ను చేత్తో పెట్టి చూడండి. బిగుసుకోకుండా జరగాలి, గలగలా ఊగకూడదు. శుభ్రమైన క్యారియర్‌లో కూడా దిగకపోతే గ్రైండర్ పట్టుకుని ప్లేటు అంచు అరగదీసేవాళ్లను చూస్తుంటాను. అది చేయకండి. దిగని ప్యాడ్ తప్పు ప్యాడ్, వెనక్కి పంపండి. ప్యాడ్‌తో పాటు కొత్త స్ప్రింగులు, పట్టీ, పిన్ను, సెన్సర్ ఉన్న బండికి సెన్సర్ వైరు వస్తున్నాయో లేదో కూడా చూడండి. వేడికి మెత్తబడిన పాత స్ప్రింగు కొత్త ప్యాడ్‌ను సరిగా పట్టి ఉంచలేదు.

డిస్కు సంగతి చూడకుండా ప్యాడ్ ఎంపిక పూర్తి కాదు. ఎయిర్ డిస్కుల్లో ఎక్కువగా కనిపించే కొలత కొత్తప్పుడు 45 మిల్లీమీటర్లు, అరుగుదల హద్దు 37. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకే కట్టుబడండి. సాలెగూడులా సన్నటి పైపై పగుళ్లు మామూలే. అంచుదాకా పాకిన పగులు ఉంటే డిస్కు మార్చాలి. గాళ్లు పడ్డ డిస్కు మీద కొత్త ప్యాడ్ పూర్తి ముఖంతో ఆనదు, ఆనిన గీతల దగ్గరే వేడి పేరుకుంటుంది.

ఊడదీసేటప్పుడు బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదవద్దు. ఒకప్పుడు ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ అనే, ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన పీచు వాడేవారు. ఆస్‌బెస్టాస్‌ను ఐరోపా సమాఖ్య 2005 నుంచే నిషేధించింది, అయినా పాత నిల్వల్లో, పేరులేని సరుకులో అది ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. తడిగుడ్డతో తుడవండి, ముక్కుకు తగిన మాస్క్ పెట్టుకోండి. కుర్రాళ్లు వినరు, వినిపించాలి.

బిగించాక వెంటనే పూర్తి లోడుతో ఘాట్ ఎక్కించకండి. ప్యాడ్ ముఖం డిస్కుకు ఒదగాలి. మధ్యస్థ వేగం నుంచి మెత్తటి బ్రేకులు, ప్రతిదానికీ మధ్య చల్లారే వ్యవధి ఇస్తూ, కంపెనీ చెప్పినన్ని సార్లు వేయాలి. ఆ పరుగు నుంచి రాగానే దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటర్‌తో ఒకే యాక్సిల్ మీద ఎడమ, కుడి డిస్కుల వేడి చూడండి. స్పష్టమైన తేడా ఉంటే ఒకటి పట్టడం లేదు, లేదా ఇంకొకటి వదలడం లేదు. బండిని రోడ్డు మీదికి పంపేముందే అది తేల్చండి.

చివరగా ఒక పుస్తకంలో బండి నంబరు, యాక్సిల్, ప్యాడ్ కంపెనీ, మిశ్రమం నంబరు, బ్యాచ్, వేసిన తేదీ, మీటర్ రీడింగు, డిస్కు మందం రాసిపెట్టండి. పదార్థం 2 మిల్లీమీటర్లకు దిగేలోపే మార్చాలి కాబట్టి సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ మిగిలిన మందం కూడా అదే వరసలో రాయండి. మార్చిన రోజున ప్యాడ్ల ఖర్చుకు, ఆ కాలంలో అరిగిన డిస్కు విలువనూ పని కూలినీ కలిపి, తిరిగిన కిలోమీటర్లతో భాగించండి. ఆ బండికి, ఆ దారికి ఏ ప్యాడ్ చవకో ఆ లెక్కలోనే తేలుతుంది.