విదేశీ నేత బెజవాడ వస్తే ఎక్కడ తేడా కొడుతుంది?

మిత్రదేశం నాయకుడు ఢిల్లీలో ఉన్నంతసేపు మర్యాదలన్నీ విదేశాంగ శాఖ చూసుకుంటుంది. ఒక పూట విజయవాడ కూడా చూస్తానంటే మాత్రం టెన్షన్ మన ప్రొటోకాల్ వాళ్లకు మొదలవుతుంది. ఆ పనుల్లో కొన్నేళ్లు తిరిగాను. ఆ రోజు బయటపడే గొడవకు కారణం ఆ రోజు వెతికితే దొరకదు. వారం ముందు ఎవరూ అడగని ప్రశ్నలో ఉంటుంది.

సమస్య: మొదటి కార్యక్రమానికే అరగంట ఆలస్యం

అందరూ ట్రాఫిక్‌ను తిడతారు. గన్నవరం నుంచి రామవరప్పాడు రింగ్ దాకా బండ్లన్నీ ఆపేశాక ఇంకా ట్రాఫిక్ ఎక్కడిది? మినిట్ టు మినిట్ ప్రోగ్రామ్ తీసి చూడండి. కార్లు నడిచే సమయం వేసి ఉంటారు. బొకేలు ఇచ్చేవాళ్ల వరసకు, వెనక బస్సుల్లో ప్రతినిధులు ఎక్కి దిగడానికి వేసి ఉండరు. ఖాళీ కార్లతో ట్రయల్ రన్ చేస్తే ఇది తెలియదు. మనుషుల్ని ఎక్కించి, దించి, వాచీ చూసుకుంటూ చేయండి.

టైమ్ తినేసే రెండోది అనువాదం. ఐదు నిమిషాల ప్రసంగాన్ని ఆగి ఆగి అనువదిస్తే పది నిమిషాలు. మనవాళ్లు తెలుగులో మాట్లాడి, దుబాసీకి ఇంగ్లీషు, జపనీస్ మాత్రమే వస్తే మధ్యలో ఇంకొకరు కావాలి. అప్పుడు పావుగంట. ఒకసారి మా వేదిక మీద ఓ పెద్దాయన కాగితం పక్కనపెట్టి సామెత అందుకున్నారు. దుబాసీ బిక్కమొహం వేసింది. ప్రసంగం ముందే ఆమె చేతికివ్వండి. కాగితం చూసి చదవని నాయకుడైతే తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చిన మనిషిని పక్కనే నిలబెట్టండి. మాట్లాడుతుండగానే అనువదించి హెడ్‌ఫోన్లలో వినిపించే పద్ధతి పెడితే దుబాసీలు జంటగా ఉండాలి. ఒక్కరే గంటసేపు లాగలేరు.

సమస్య: కారు దగ్గర వాళ్ల అధికారి ఆగిపోయి జెండాలకేసి చూస్తున్నారు

కుడి అంటే ఎవరి కుడి అన్నది తేల్చుకోకపోవడమే కారణం. డెకరేషన్ కుర్రాడు కారుకు ఎదురుగా నిలబడి కడతాడు. మన ఫ్లాగ్ కోడ్ ప్రకారం, ప్రభుత్వం ఇచ్చిన కారులో విదేశీ అతిథి వెళ్తుంటే మన జెండా కారుకు కుడివైపు, వాళ్లది ఎడమవైపు. కారులో కూర్చున్నవాళ్ల కుడి అని చెప్పండి, తికమక ఉండదు. వేదిక మీద వరసగా పెడితే మనది చూసేవాళ్లకు ఎడమ చివర రావాలి. తలకిందులుగా ఉందేమో కూడా ఫొటో తీసి చూడండి. 2015లో కౌలాలంపూర్‌లో మోదీ, అప్పటి జపాన్ ప్రధాని అబే కలిసినప్పుడు వెనక మన జెండానే తిరగబడి ఉంది.

సమస్య: కూర్చోబోతే కుర్చీ లేదు

2021 ఏప్రిల్‌లో అంకారాలో టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్ పక్కన ఒక్క కుర్చీయే వేశారు. అందులో అప్పటి యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు షార్ల్ మిషెల్ కూర్చున్నారు. ఆయనతో వచ్చిన యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయన్ సోఫాలో సర్దుకోవాల్సి వచ్చింది. పేపర్ మీద ప్లాన్‌కి సరే అంటే చాలదు. రెండు పక్షాల వాళ్లూ అదే గదిలో కూర్చుని చూడాలి.

హోదా మాటకూడా ఇక్కడే తేల్చుకోండి. సింగపూర్‌కు అధ్యక్షుడూ ఉంటారు, ప్రధానీ ఉంటారు. ఢిల్లీలోనైతే ఆ తేడా స్వాగత వందనానికి 21 తుపాకులా, 19 తుపాకులా అన్న దాకా వెళ్తుంది. ఇక్కడ ఆహ్వాన పత్రిక మీద బయటపడుతుంది.

సమస్య: ప్లేటు ముట్టలేదు

గుంటూరు కారం మీద నెపం పెట్టకండి. వెజ్జా, నాన్‌వెజ్జా అని మాత్రమే అడిగి వదిలేసి ఉంటారు. హలాల్, మద్యం, పడని పదార్థాలు అన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. గోంగూర పెట్టండి, కారం తగ్గించి. వంటాయన సొంత ప్రయోగాలకు మాత్రం ఒప్పుకోకండి. 2018లో ఇజ్రాయెల్‌లో అబేకు స్వీట్‌ను బూటు ఆకారపు పాత్రలో పెట్టారు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచే జపాన్ వాళ్లకి!

సమస్య: ఇచ్చిన బహుమతి ఇబ్బంది పెట్టింది

కొండపల్లి బొమ్మ పొణికి చెక్కది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు చెక్క వస్తువు తీసుకెళ్తే విమానం దిగగానే అక్కడి తనిఖీ అధికారులకు చూపించాలి. వాళ్లకి మంగళగిరి చేనేత ఇవ్వండి.