ప్రోగ్రాముల్లో తేదీలను, టైమ్‌జోన్లను తప్పు లేకుండా నిర్వహించడం ఎలా?

విజయవాడలోనో గుంటూరులోనో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవారికి టైమ్‌జోన్ గురించి ఆలోచించవలసిన అవసరం చాలాకాలం రాదు. దేశమంతటికీ ఒకే సమయం. వేసవికి ఒకలా, చలికాలానికి ఒకలా గడియారం మార్చే పద్ధతి మనకు లేదు. సొంత కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రాము ఆ కంప్యూటర్ గడియారాన్నే చూసుకుంటుంది కాబట్టి అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తాయి. అదే ప్రోగ్రామును క్లౌడ్ సర్వర్ మీదికి ఎక్కించినప్పుడు, లేదా డల్లాస్‌లో స్థిరపడిన మనవాళ్లు దాన్ని వాడడం మొదలుపెట్టినప్పుడు తప్పులు బయటపడతాయి. ఇవి ప్రోగ్రామును ఆపేసే తప్పులు కావు. ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది, తేదీ మాత్రం ఒక రోజు వెనక్కి పోతుంది, ఆ సంగతి ఎవరో సర్టిఫికెట్ చూసుకునేదాకా తెలియదు.

ఈ తప్పుల్లో ఎక్కువ భాగం కోడ్ రాసేటప్పుడు కాక, అంతకు ముందే పుడతాయి. చేతిలో ఉన్న విలువ ఏ రకం సమయమో తేల్చుకోకుండా, అన్నిటినీ ఒకే డేటా టైపులో పెట్టేయడమే వాటికి మూలం. అందుకే మొదటి దశ కాగితం మీద జరగాలి.

మొదటి దశ: అది ఏ రకం సమయమో తేల్చుకోండి

మీ ప్రోగ్రాములో తేదీ గాని సమయం గాని ఉన్న ప్రతి ఫీల్డునూ ఒక జాబితాగా రాసి, ఒక్కొక్కటి ఈ మూడింటిలో ఏదో గుర్తించండి. మొదటి రకం ఒక క్షణం: డబ్బు జమ అయిన సమయం, యూజర్ లాగిన్ అయిన సమయం వంటివి. అది ప్రపంచమంతటికీ ఒకే క్షణం, చూసేవారి గడియారాలు మాత్రమే వేరు. రెండవ రకం ఉత్త తేదీ: పుట్టినరోజు, సెలవు రోజు, బిల్లు కట్టవలసిన ఆఖరు తేదీ. దీనికి గంటలూ ఉండవు, టైమ్‌జోనూ ఉండదు. మూడవ రకం ఒక ఊరి గడియారం ప్రకారం ఖాయం చేసుకున్న సమయం: ప్రతి శనివారం ఉదయం ఆరున్నరకు సంగీతం క్లాసు అన్నట్టు.

పంచాంగం చూసే అలవాటు ఉన్నవారికి ఈ తేడా తేలికగా పట్టుబడుతుంది. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే. ఆ క్షణంలో విజయవాడ గడియారం ఒకటి చూపిస్తే డల్లాస్ గడియారం మరొకటి చూపిస్తుంది. సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి పండుగను నిర్ణయిస్తారు కనుక, ఒకే పండుగ రెండు ఊళ్లలో రెండు వేర్వేరు తేదీల్లో రావచ్చు. క్షణం వేరు, ఆ క్షణానికి ఒక ఊరు పెట్టుకున్న తేదీ వేరు అన్న ఈ తెలివిడి ఉంటే మిగిలిన దశలు కష్టం కావు.

రెండవ దశ: క్షణాలను యూటీసీలో దాచండి

యూటీసీ అన్నది ప్రపంచ గడియారాలన్నిటికీ ప్రమాణంగా పెట్టుకున్న సమయం. భారత ప్రామాణిక సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. మన సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన రాష్ట్రంలో కాకినాడకు దగ్గరగా వెళ్తుంది. విజయవాడ అంతకు దాదాపు రెండు డిగ్రీలు పడమరన ఉంది కాబట్టి, సూర్యుణ్ణి బట్టి లెక్కిస్తే మన అసలు స్థానిక సమయం గడియారం కంటే సగటున ఏడు నిమిషాలకు పైగా వెనక ఉంటుంది. గడియారం చూపే సమయం సూర్యుడిది కాదనీ, ప్రభుత్వం నిర్ణయించినదనీ దీన్ని బట్టి గ్రహించాలి. ప్రభుత్వం నిర్ణయించేదాన్ని ప్రభుత్వం మార్చనూ వచ్చు. మన దేశంలోనే రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపి, 1945 అక్టోబరులో తిరిగి యథాస్థానానికి తెచ్చారు.

క్షణాన్ని దాచడానికి రెండు మంచి పద్ధతులున్నాయి. ఒకటి యూనిక్స్ సమయం, అంటే 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్ల లెక్క. ఆ ఆరంభ క్షణంలో మన గడియారాల్లో ఉదయం 5:30 అయింది. పరీక్షించేటప్పుడు ఏదైనా తేదీ 1970 జనవరి 1, ఉదయం 5:30 అని కనిపిస్తే, ఆ ఫీల్డులో సున్నా ఉందని వెంటనే అర్థం చేసుకోవచ్చు. ఈ కాలపు యూనిక్స్ సమయం సెకన్లలో అయితే పది అంకెలు, మిల్లీసెకన్లలో అయితే పదమూడు అంకెలు ఉంటుంది. జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లు ఇస్తుంది, చాలా సర్వర్ ప్రోగ్రాములు సెకన్లు ఆశిస్తాయి. అంకెలు లెక్కపెట్టి చూసుకుంటే ఈ గందరగోళం తప్పుతుంది. రెండవ పద్ధతి డేటాబేస్ సొంత డేటా టైపును వాడడం. పోస్ట్‌గ్రెస్‌లో ‘టైమ్‌స్టాంప్ విత్ టైమ్‌జోన్’ అనే టైపును ఎంచుకోండి. పేరు ఎలా ఉన్నా అది టైమ్‌జోన్‌ను దాచుకోదు, ఇచ్చిన సమయాన్ని యూటీసీకి మార్చి దాచుకుంటుంది. మైసీక్వెల్‌లోని టైమ్‌స్టాంప్ టైపు కూడా యూటీసీకి మారుస్తుంది గాని, దాని పరిధి 2038 జనవరి 19న, మన సమయం ప్రకారం ఉదయం 8:44:07కు ముగిసిపోతుంది. ఇరవై ఏళ్ల గృహరుణం ఆఖరు వాయిదా తేదీని అందులో పెట్టడం కుదరదు.

పైథాన్ వాడేవారు ‘యూటీసీనౌ’ ఫంక్షన్‌ను వదిలేయాలి. అది యూటీసీ సమయమే ఇచ్చినా దానికి టైమ్‌జోన్ గుర్తు ఉండదు. ఆ తర్వాత ఎవరైనా దాన్ని యూనిక్స్ సమయంగా మార్చితే, పైథాన్ దాన్ని స్థానిక సమయం అనుకుని ఐదున్నర గంటలు తేడాగా లెక్కిస్తుంది. 3.12 వెర్షన్ నుంచి ఆ ఫంక్షన్‌ను వాడవద్దనే హెచ్చరిక వస్తోంది. ‘నౌ’ ఫంక్షన్‌కు యూటీసీ టైమ్‌జోన్‌ను ఇచ్చి పిలవడమే సరైన దారి. జావాలో అయితే 2014లో 8వ వెర్షన్‌తో వచ్చిన ‘జావా.టైమ్’ ప్యాకేజీలోని ‘ఇన్‌స్టంట్’ ఈ పనికే ఉంది.

మూడవ దశ: ఉత్త తేదీని తేదీగానే ఉంచండి

నా దృష్టిలో మన ప్రాంతపు ప్రోగ్రాముల్లో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే తప్పు ఇక్కడే ఉంది. ఒక కాలేజీ అడ్మిషన్ ఫారంలో విద్యార్థి తన పుట్టినరోజును 2004 జూన్ 12 అని ఎంచుకున్నాడనుకుందాం. బ్రౌజర్‌లోని క్యాలెండర్ దాన్ని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి, భారత సమయం, అనే క్షణంగా మారుస్తుంది. సర్వర్‌కు పంపేటప్పుడు జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీకి మారుస్తుంది. అర్ధరాత్రి నుంచి ఐదున్నర గంటలు తీసేస్తే 2004-06-11 18:30 అవుతుంది. సర్వర్ అందులోంచి మొదటి పది అక్షరాలను మాత్రమే తీసుకుని తేదీ ఫీల్డులో పెడుతుంది. విద్యార్థి పుట్టినరోజు ఒక రోజు వెనక్కి పోయింది. యూటీసీకి పడమరన ఉన్న దేశాల్లో ఇదే కోడ్ సరైన తేదీనే ఇస్తుంది, అందుకే అక్కడ రాసి పరీక్షించిన లైబ్రరీల్లో కూడా ఇది దాగి ఉంటుంది. పదో తరగతి మెమోలో ఒక తేదీ, కాలేజీ రికార్డులో మరో తేదీ ఉంటే ఆ కుటుంబం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మనందరికీ తెలుసు.

కాబట్టి పుట్టినరోజు వంటి విలువను ఎక్కడా క్షణంగా మార్చకండి. బ్రౌజర్ నుంచి సంవత్సరం, నెల, రోజు అనే మూడు సంఖ్యలను విడిగా తీసుకుని, 2004-06-12 అనే అక్షరాలుగా పేర్చి పంపండి. జావాస్క్రిప్ట్‌లో నెలల లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక నెలకు ఒకటి కలపడం మరవకండి. డేటాబేస్‌లో ‘డేట్’ టైపు, జావాలో ‘లోకల్‌డేట్’, పైథాన్‌లో ‘డేట్’ వాడండి. జావాస్క్రిప్ట్‌లో మరో చిక్కు ఉంది: 2025-08-15 అని ఉత్త తేదీ ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది, అదే తేదీకి గంటలు కూడా జోడించి ఇస్తే స్థానిక సమయంగా చదువుతుంది. మొదటి పద్ధతిలో ఇచ్చిన మన స్వాతంత్ర్య దినం అమెరికాలో ఉన్నవారి తెర మీద ఆగస్టు 14గా కనిపిస్తుంది.

నాలుగవ దశ: టైమ్‌జోన్‌ను పూర్తి పేరుతో రాయండి

‘ఐఎస్‌టీ’ అనే మూడక్షరాలు మనకు భారత సమయం. కాని ఇజ్రాయెల్ వారు, ఐర్లండ్ వారు కూడా తమ సమయానికి అవే అక్షరాలు వాడుకుంటారు. +05:30 అనే తేడా కూడా ఆ ఒక్క క్షణంలోని సంగతిని చెబుతుందే గాని, రేపటి నియమాన్ని చెప్పదు. ప్రపంచంలోని టైమ్‌జోన్ నియమాలన్నిటినీ, వాటి చరిత్రతో సహా, అయానా అనే సంస్థ ప్రచురించే డేటాబేస్‌లో భద్రపరుస్తున్నారు. అందులో మన దేశానికి ఉన్న పేరు ‘ఏషియా/కోల్‌కతా’. పాత కోడ్‌లో ‘ఏషియా/కలకత్తా’ అని కనిపించినా అది దీనికే మారుపేరు. డల్లాస్, చికాగో ఒకే టైమ్‌జోన్‌లో ఉన్నాయి కాబట్టి డల్లాస్ సమయానికి ‘అమెరికా/చికాగో’ అని రాయాలి.

పైథాన్‌లో పాత ‘పైటీజెడ్’ లైబ్రరీని వాడి, టైమ్‌జోన్‌ను నేరుగా డేట్‌టైమ్‌లోకి ఇస్తే, +05:30కి బదులు +05:53 రావడం చూసి చాలామంది కంగారుపడతారు. అది కోల్‌కతా నగరపు 19వ శతాబ్దపు స్థానిక సమయం. 1906లో భారత ప్రామాణిక సమయం రాకముందు డేటాబేస్‌లో ఉన్న మొదటి వరుసను ఆ లైబ్రరీ ఎత్తుకుంటుంది. 3.9 వెర్షన్ నుంచి పైథాన్‌తో పాటే వస్తున్న ‘జోన్‌ఇన్ఫో’ వాడితే ఈ బాధ లేదు.

ఐదవ దశ: ‘ఈ రోజు’ ఎక్కడ మొదలవుతుందో నిర్వచించండి

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే లారీల వివరాలను నమోదు చేసే ప్రోగ్రాము ఒకటి క్లౌడ్ సర్వర్ మీద నడుస్తోందనుకుందాం. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటుంది. ఏప్రిల్ 1, తెల్లవారుజామున రెండు గంటలకు లారీ దిగితే, అప్పటికి సర్వర్‌లో మార్చి 31, రాత్రి 8:30 అయి ఉంటుంది. ‘ఈ రోజు వచ్చిన సరుకు’ అనే రిపోర్టును సర్వర్ తేదీ మీద ఆధారపడి రాస్తే, ఆ లారీ నిన్నటి లెక్కలోకే కాదు, పోయిన ఆర్థిక సంవత్సరంలోకి చేరుతుంది. రోజూ అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకు జరిగే ప్రతి నమోదుకూ ఇదే గతి.

దీనికి పరిష్కారం, రోజు హద్దులను భారత సమయంలో తయారుచేసి, యూటీసీకి మార్చి, ఆ రెండు క్షణాల మధ్య వెతకడం. ఏప్రిల్ 1 లెక్క కావాలంటే, మార్చి 31 యూటీసీ 18:30 నుంచి, ఆ క్షణాన్ని కలుపుకుని, ఏప్రిల్ 1 యూటీసీ 18:30 వరకు, ఆ క్షణాన్ని కలుపుకోకుండా తీసుకోవాలి. రోజు చివరను 23:59:59 అని రాసే అలవాటు మంచిది కాదు. ఆఖరు సెకను లోపలి మిల్లీసెకన్లలో పడిన నమోదు ఏ రోజు రిపోర్టులోనూ కనిపించకుండా పోతుంది. పెట్టిన వేళకు పనులను వాటంతట అవే నడిపే క్రాన్ వంటి షెడ్యూలర్లకూ ఇదే జాగ్రత్త అవసరం: ఉదయం తొమ్మిదికి వెళ్లవలసిన సందేశాన్ని యూటీసీ సర్వర్‌లో 3:30కి పెట్టాలి.

ఆరవ దశ: రాబోయే సమయాలకు ఎవరి గడియారమో అడగండి

విజయవాడలోని ఒక సంగీత ఉపాధ్యాయురాలు డల్లాస్ పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతారు. అక్కడ శుక్రవారం రాత్రి ఎనిమిది అంటే వేసవిలో ఇక్కడ శనివారం ఉదయం 6:30. అమెరికాలో మార్చి రెండవ ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. 2026లో ఆ నవంబరు మార్పు 1వ తేదీన వస్తుంది. అక్టోబరు 30 క్లాసు తర్వాత ప్రోగ్రాము ఏడు రోజుల గంటలను, అంటే 168 గంటలను కలిపితే, నవంబరు 6న పిల్లలకు క్లాసు రాత్రి ఏడింటికి పడుతుంది. పిల్లల గడియారాన్నే ఖాయం చేస్తే వారికి ఎనిమిదే ఉంటుంది, మేడమ్ గారికి 7:30 అవుతుంది.

ఈ రెండింటిలో ఏది సరైనదో కంప్యూటర్ చెప్పలేదు; మేడమ్ గారినీ తల్లిదండ్రులనూ అడిగే తెలుసుకోవాలి. తేల్చుకున్నాక, పునరావృతమయ్యే క్లాసులను యూటీసీ క్షణాలుగా ముందే దాచకుండా, స్థానిక సమయం 20:00, వారం శుక్రవారం, టైమ్‌జోన్ ‘అమెరికా/చికాగో’ అని మూడింటినీ విడివిడిగా దాచండి. ఏ వారానికి ఆ వారం క్షణాన్ని లెక్కగట్టండి. గడియారం వెనక్కి తిరిగే నవంబరు 1న డల్లాస్‌లో రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది, మన లెక్కలో మధ్యాహ్నం 12 గంటలకు ఒకసారి, ఒంటిగంటకు మరోసారి. అదే 2026లో మార్చి 8న అక్కడ రాత్రి 2:30 అనే సమయమే ఉండదు. అటువంటి సమయాన్ని ఎవరైనా ఎంచుకుంటే ఏం చేయాలో ప్రోగ్రాములో ముందే రాసి ఉంచాలి.

ఏడవ దశ: చూపించేటప్పుడు మాత్రమే మార్చండి

యూటీసీ నుంచి స్థానిక సమయానికి మార్చే పని తెర మీద చూపించే చివరి అంచెలోనే జరగాలి. ఫైళ్లలోనూ, ప్రోగ్రాముల మధ్యా ఇచ్చిపుచ్చుకునేటప్పుడు 2026-03-05 10:30:00+05:30 వంటి రూపమే వాడండి. 05/03/2026 అంటే మనకు మార్చి 5, అమెరికా వారికి మే 3. మనుషులకు చూపించేటప్పుడు నెల పేరును అక్షరాల్లో రాస్తే ఏ సందేహమూ ఉండదు.

ఎనిమిదవ దశ: గడియారాన్ని మార్చి పరీక్షించండి

ఒకే టెస్టులను కంప్యూటర్ టైమ్‌జోన్‌ను కోల్‌కతా, యూటీసీ, చికాగో అని మార్చుతూ మూడుసార్లు నడపండి. ఫలితం మూడుసార్లూ ఒకటే రావాలి. నేపాల్ సమయం +05:45 కనుక ‘ఏషియా/కాఠ్మాండూ’ను కూడా చేర్చితే, తేడాలు అరగంటల్లోనే ఉంటాయనుకుని రాసిన కోడ్ దొరికిపోతుంది. మన సమయం ఉదయం 5:29, 5:31, ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక అయిదు నిమిషాలు, ఫిబ్రవరి 29, ఇవి తప్పక పరీక్షించవలసినవి. ‘ఇప్పుడు’ అనే విలువను ఫంక్షన్ లోపల నేరుగా తీసుకోకుండా బయటి నుంచి అందిస్తే ఈ పరీక్షలు తేలికవుతాయి.

టైమ్‌జోన్ డేటాబేస్‌ను కూడా తాజాగా ఉంచుకోవాలి, ఎందుకంటే నియమాలు మారుతూనే ఉంటాయి. 2022లో మెక్సికో తన దేశంలో ఎక్కువ భాగానికి గడియారం మార్చే పద్ధతిని రద్దుచేసింది. సమోవా 2011లో డిసెంబరు 30వ తేదీని పూర్తిగా దాటవేసి, 29 తర్వాత నేరుగా 31లోకి వెళ్లింది. లినక్స్ సర్వర్లలో ఈ డేటాబేస్ ఉండే ‘టీజెడ్‌డేటా’ ప్యాకేజీ సిస్టం అప్‌డేట్లతో పాటు వస్తుంది, కాని కొన్ని చిన్న కంటైనర్ ఇమేజీల్లో అది అసలే ఉండదు. విండోస్ మీద పైథాన్ ‘జోన్‌ఇన్ఫో’ వాడేవారు ‘టీజెడ్‌డేటా’ అనే పేరుతోనే ఉన్న పైథాన్ ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.