వీ785 ఏడీసీలో కంట్రోల్ రిజిస్టర్లు రాసే పద్ధతి

కేయెన్ (CAEN) కంపెనీ వీ785 అనేది వీఎంఈ క్రేట్‌లో (ఎలక్ట్రానిక్ కార్డులను ఒకే బస్‌కు కలిపే పెట్టెలో) పెట్టే 32 ఛానళ్ల, 12 బిట్ల పీక్ ఏడీసీ, అంటే వచ్చిన పల్స్ గరిష్ఠ ఎత్తును అంకెగా మార్చే కార్డు. దాన్ని నడిపే సెట్టింగులు రిజిస్టర్లలో, అంటే అడ్రస్ ఉన్న చిన్న మెమరీ గదుల్లో ఉంటాయి. కింద రాసిన అడ్రస్‌లు, వాటిలో రాసే విలువలు అన్నీ హెక్సాడెసిమల్ (16 ఆధారపు అంకెలు). బిట్లను 0 నుంచి లెక్కపెడతారు. ప్రతి అడ్రస్‌ను బేస్‌కు, అంటే ఆ కార్డు మొదలయ్యే అడ్రస్‌కు కలుపుకోవాలి.

మొదట క్రేట్ పవర్ ఆపి కార్డు బయటికి తీయండి. దాని మీదున్న నాలుగు రోటరీ స్విచ్‌లే బేస్ అడ్రస్. అన్నీ 1 మీద ఉంటే బేస్ 11110000 అవుతుంది. ఒకే బేస్‌తో రెండు కార్డులుంటే రెండూ ఒకేసారి జవాబిచ్చి డేటా చెడుతుంది. పవర్ వేశాక ఏ32 మోడ్‌లో (32 బిట్ల అడ్రస్; అడ్రస్‌తో పాటు పంపే, దాని రకం చెప్పే కోడ్ అయిన అడ్రస్ మాడిఫయర్ 09) 1000 దగ్గర ఫర్మ్‌వేర్ రివిజన్ చదవండి. కార్డు ముందువైపు డీటాక్ (కార్డు జవాబిచ్చిందనే సంకేతం) దీపం మినుక్కుమంటే అడ్రస్ సరిపోయినట్టే. బస్ ఎర్రర్ (అడిగినదానికి సరైన జవాబు రాలేదనే సంకేతం) వస్తే స్విచ్‌లు, మాడిఫయర్, డేటా వెడల్పు ఈ వరుసలో చూసుకోండి. రిజిస్టర్లన్నీ 16 బిట్లే. 32 బిట్లతో రాయబోతే కార్డు ఒప్పుకోదు. కొలిచిన డేటా చేరే అవుట్‌పుట్ బఫర్ మాత్రం 32 బిట్లతో చదవాలి.

తర్వాత రీసెట్. 1006లో 80 రాయండి, వెంటనే 1008లో కూడా 80 రాయండి. రెండోది మరిచిపోతే కార్డు రీసెట్‌లోనే ఉండిపోతుంది. గేట్ (ఎప్పుడు కొలవాలో చెప్పే పల్స్) ఎంత ఇచ్చినా ఒక్క ఈవెంటూ (ఒక గేట్‌కు వచ్చే డేటా) రాదు, ఎర్రర్ కూడా కనిపించదు.

కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది బిట్ సెట్ 2 (1032), బిట్ క్లియర్ 2 (1034) దగ్గరే. మొదటిది బిట్లను 1 చేస్తుంది, రెండోది 0 చేస్తుంది. ఈ జంటలో 1 రాసిన బిట్టే మారుతుంది, 0 రాసిన బిట్ ఉన్నట్టే ఉంటుంది. ఆప్షన్ ఆపుదామని 1032లో 0 రాస్తే ఏమీ జరగదు. అదే బిట్‌ను 1034లో రాయాలి. బఫర్ ఖాళీ చేయాలన్నా ఇంతే: 1032లో 4, ఆపై 1034లో 4. రాసిన ప్రతిసారీ 1032 తిరిగి చదివి చూసుకోవడం మంచిది.

పెడెస్టల్ (సిగ్నల్ లేనప్పుడు కూడా ఛానల్ చూపించే విలువ) కొలవాలంటే 1032లో 18 రాయండి. అందులో బిట్ 4 జీరో సప్రెషన్‌ను (త్రెషోల్డ్ అనే హద్దుకు తక్కువ విలువలను వదిలేయడాన్ని), బిట్ 3 ఓవర్‌రేంజ్ (కొలత హద్దు దాటిన విలువల) వడపోతను ఆపేస్తాయి. ఛానళ్లు వేటినీ కిల్ చేయకపోతే (పూర్తిగా ఆపేయకపోతే) ప్రతి ఈవెంట్‌లో హెడర్, 32 డేటా, ముగింపు కలిపి 34 పదాలు (ఒక్కోటి 32 బిట్లు) రావాలి. పెడెస్టల్ తెలిశాక 1034లో 10 రాసి సప్రెషన్ తిరిగి పెట్టండి. త్రెషోల్డ్‌లు 1080 నుంచి ఛానల్‌కు రెండు బైట్ల చొప్పున ఉంటాయి. అక్కడ రాసిన విలువ 16 రెట్లుగా పనిచేస్తుంది: 5 రాస్తే దశాంశంలో 80 కౌంట్ల కింద ఉన్నవన్నీ పోతాయి. ఆ అడుగు మరీ పెద్దదనిపిస్తే 1032లో 100 రాయండి, 2 రెట్లకు తగ్గుతుంది. అడుగు మార్చాక పాత త్రెషోల్డ్‌లన్నీ మళ్లీ లెక్కేసి రాయకపోతే వడపోత తారుమారవుతుంది. ఛానల్ పూర్తిగా వద్దనుకుంటే దాని త్రెషోల్డ్‌లో 100 కలపండి, అదే కిల్ బిట్.

చదివే ముందు 1022లో బిట్ 1 చూడండి. అది 1 అయితే బఫర్ ఖాళీ. పదంలోని 24-26 బిట్లు దాని రకం చెబుతాయి: 2 హెడర్, 0 డేటా, 4 ముగింపు, 6 పనికిరాని పదం. 6 పదేపదే వస్తుంటే ఖాళీ బఫర్‌నే చదువుతున్నట్టు.

బ్లాక్ ట్రాన్స్‌ఫర్‌కు (చాలా పదాలను ఒకేసారి చదవడానికి) కంట్రోల్ రిజిస్టర్ 1010లో బిట్ 5, అంటే 20, పెట్టాలి. ఈ రిజిస్టర్‌కు సెట్, క్లియర్ జంట లేదు. రాసింది మొత్తం విలువగా కూర్చుంటుంది. అందుకని ముందు చదివి, ఆ బిట్ కలిపి, తిరిగి రాయండి. ఆ తర్వాత డేటా అయిపోగానే కార్డే బస్ ఎర్రర్ ఇస్తుంది. అది చూసి ప్రోగ్రామ్ ఆగిపోకూడదు. ఆ ఎర్రర్ కోడ్‌ను పట్టించుకోకుండా, వీఎంఈ చదివే లైబ్రరీ తిరిగిచ్చిన బైట్ల సంఖ్య వరకే డేటాను తీసుకోవాలి.