ఎస్ఎస్ఎక్స్ వరల్డ్ టూర్ ఆడటం ఎలా? ఎగరడం కన్నా దిగడం ముఖ్యం

2012లో ఈఏ అనే గేమ్ కంపెనీ తెచ్చిన స్నోబోర్డింగ్ గేమ్ ఎస్ఎస్ఎక్స్. కథంతా ఇందులోని వరల్డ్ టూర్‌లో నడుస్తుంది. తొమ్మిది ప్రాణాంతకమైన పర్వత మార్గాలను అందరికన్నా ముందు దిగాలన్నది టీమ్ ఎస్ఎస్ఎక్స్ పంతం. ఆ టీమ్‌ను వదిలేసి వెళ్లిన గ్రిఫ్ సిమన్స్ అదే పని తనే ముందు చేస్తానని బయల్దేరతాడు. ఇంత మంచి కథ పెట్టుకుని, చాలామంది సగంలోనే విసిగి వదిలేస్తారు. కారణం ఒక్కటే: వేగం పెంచే బూస్ట్ బటన్ మీద నుంచి వేలు తీయరు.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. పీఎస్3 గానీ ఎక్స్‌బాక్స్ 360 గానీ ఉంటే చాలు. ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్‌లలోనూ పాత డిస్క్ ఆడుతుంది. గ్రాబ్‌లు, అంటే గాల్లో ఉండగా బోర్డును చేత్తో పట్టుకునే ట్రిక్కులు, కుడి స్టిక్‌తోనూ చేయొచ్చు, బటన్లతోనూ చేయొచ్చు. మీరు మాత్రం బటన్లే వాడండి. స్టిక్‌తో అలవాటైతే ఏ గ్రాబ్ పట్టారో, ఎప్పుడు వదిలారో వేలికి తెలియదు.

మొదటి పర్వతాల్లో వచ్చిన క్రెడిట్లతో, అంటే ఆటలోని డబ్బుతో, బోర్డు కొనండి. స్పీడ్ ఎక్కువున్న బోర్డు రేసుకు, ట్రిక్ ఎక్కువున్నది పాయింట్ల పోటీకి. అందంగా ఉందని సూట్ కొనకండి. కొత్త రైడర్ వచ్చినప్పుడల్లా కామిక్ బొమ్మలతో పరిచయం వేస్తారు. దాన్ని దాటేయకండి, కథ ఉన్నది అక్కడే.

ఇక అసలు సంగతి, జంప్.

జంప్ బటన్ నొక్కి పట్టుకుంటే రైడర్ మోకాళ్లు వంచుతాడు. ఎగరాల్సిన అంచు ఇంకా రాకముందే, ఆ వంగిన స్థితిలోనే, ఎడమ స్టిక్‌ను తిరగాల్సిన వైపు నెట్టి ఉంచండి. అంచు దగ్గర బటన్ వదలండి. స్పిన్ పుట్టేది నేల మీదే. గాల్లోకి లేచాక స్టిక్ తిప్పుదామనుకునేవాళ్లకి సగం చుట్టే దొరుకుతుంది, దాన్ని పూర్తి చేయాలన్న ఆత్రంలో తలకిందులుగా పడతారు.

లేచాక గ్రాబ్ పట్టండి. ఇక్కడ జాగ్రత్త. పట్టడం ఎవరైనా పడతారు, వదలడమే రాదు. బోర్డు మీద చెయ్యి ఉండగా మంచు తగిలితే పడిపోవడం ఖాయం. నేల దగ్గరపడ్డాక వదులుదామనుకుంటే ఆలస్యమైనట్టే. రైడర్ పైకి వెళ్లడం ఆగి కిందికి రావడం మొదలైన క్షణంలోనే పట్టిన గ్రాబ్ వదిలేయండి. ఇంకా ఎత్తు మిగిలితే రెండోది పట్టండి, మిగలకపోతే లేదు. అదే గ్రాబ్ మళ్లీ మళ్లీ చేస్తే పాయింట్లు తగ్గుతాయి కాబట్టి, ఎక్కువసేపు పట్టుకోవడం కన్నా మార్చి మార్చి పట్టుకోవడమే లాభం.

దిగేటప్పుడు బోర్డు ముక్కు వాలు వైపే ఉండాలి. అడ్డంగా ఉందనిపిస్తే స్టిక్ వదిలేసి ఊరుకోండి, తిప్పి సరిచేయబోతే ఇంకా చెడుతుంది. ఇలా శుభ్రంగా దిగినప్పుడే మీటర్ నిండి, కాసేపు బూస్ట్ తరగకుండా ఉండే ట్రికీ వస్తుంది. బూస్ట్‌కు సరుకు ట్రిక్కులే. అందుకే బూస్ట్ నొక్కుతూ కూర్చునేవాడి కన్నా చిన్న జంప్‌లు తప్పకుండా దిగేవాడే రేసు గెలుస్తాడు.

పడితే వెనక్కి తిప్పుకునే రివైండ్ ఉంది కదా అంటారు. రేసులో మీరు రివైండ్ చేస్తున్నంతసేపూ మిగతావాళ్లు ఆగరు, దిగిపోతూనే ఉంటారు. లోయలో పడ్డప్పుడు తప్ప దాని జోలికి వెళ్లకండి.

ప్రాణాంతక మార్గాలకు వెళ్లేటప్పుడు ఆయా పరికరం తీసుకోకుండా బయల్దేరకండి. హిమాలయాల్లో గాలి పలచబడి స్క్రీన్ చీకటిగా మారుతుంది, ఆక్సిజన్ సిలిండర్ నుంచి మధ్యమధ్యలో శ్వాస తీసుకోవాలి. పూర్తిగా చీకటయ్యేదాకా ఆగకండి, అంచులు మసకబారగానే పీల్చండి. పటగోనియాలో వింగ్‌సూట్, అంటే గాల్లో తేలనిచ్చే రెక్కల సూట్, లేనిదే అగాధాలు దాటలేరు.

మంచు చరియలు విరుచుకుపడే మార్గంలో కెమెరా రైడర్ ముందుకు వచ్చి వెనక్కి చూస్తుంది. తరుముకొస్తున్న మంచు కనిపిస్తుంది, దారి కనిపించదు. టెన్షన్‌లో మంచునే చూస్తూ ఉంటే రాయికి కొట్టుకుంటారు. చూపు రైడర్ కాళ్ల దగ్గర పెట్టి, స్టిక్‌ను కొద్దికొద్దిగానే కదపండి. ఇక్కడ ట్రిక్కులు అసలు వద్దు.

ఒక మార్గం మరీ మొండికేస్తే వరల్డ్ టూర్ పక్కనపెట్టి ఎక్స్‌ప్లోర్ మోడ్‌లో అదే పర్వతంపై వేరే దారులు దిగండి. అక్కడ వచ్చే క్రెడిట్లతో ఇంకాస్త మంచి బోర్డు కొనుక్కుని మళ్లీ రండి.