సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్: పాతదా, కాస్త కొత్తదా? డబ్బులిచ్చే ముందు చూసుకోవాల్సినవి

ఇంజినీరింగ్ క్లాసులు మొదలవుతున్నాయంటే సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) గిరాకీయే గిరాకీ. బేరం మొదలుపెట్టే ముందు ఇవి చూడండి.

• కంపెనీ తాళం: ఆఫీసులు వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు ఇక్కడ చాలా ఉంటాయి. విండోస్ రీసెట్ చేయించి, వైఫైకి కలిపి, మొదటి సెటప్ మీ కళ్లముందే నడిపించండి. ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగిందా, వదిలేయండి. ఫార్మాట్ కొట్టినా అది మళ్లీ వస్తుంది, మీ డబ్బు మాత్రం రాదు. బయోస్‌కి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగులకి) పాస్‌వర్డ్ ఉన్నా అంతే.

• ప్రాసెసర్ తరం: విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11 నడవాలి; దానికి ఇంటెల్ ప్రాసెసర్లలో ఒకటి రెండు మినహాయింపులు తప్ప 8వ తరమో ఆపైదో ఉండాలి. ఐ5-8250యూ అంటే 8వ తరం, ఐ5-1135జీ7 అంటే 11వ తరం. ‘ఐ7 సార్, చవగ్గా ఇస్తా’ అంటే పడిపోకండి: ఐ7-7500యూలో ఉన్నవి రెండు కోర్లే (పనిచేసే భాగాలు), ఐ5-8250యూలో నాలుగు.

• ర్యామ్: పల్చటి కొత్త మోడళ్లలో బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేరు. 4 జీబీతో ఇరుక్కునే కొత్త సెలెరాన్ (ఇంటెల్ చౌక ప్రాసెసర్) ల్యాప్‌టాప్ కన్నా, ర్యామ్ స్లాట్లున్న 8వ తరం బిజినెస్ మోడలే నా ఓటు.

• బ్యాటరీ రిపోర్ట్: విండోస్ ఇచ్చే ఈ రిపోర్ట్‌లో, డిజైన్ కెపాసిటీలో (కొత్తప్పటి సామర్థ్యం) ఫుల్ ఛార్జ్ (ఇప్పుడు నిండా పట్టేది) సగమే ఉంటే, కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి.

• హింజ్ (మూత కీలు): మూత తెరిచేటప్పుడు మూల పైకి లేస్తే వద్దు.

• బిల్లు: సీరియల్ నంబర్ రాయించుకోండి. దొంగ సరుకైతే తలనొప్పి మీదే.