షష్టిపూర్తి నాటికి ఇంటి అప్పులన్నీ తీర్చడం ఎలా?

పాలకొల్లు పక్కన ఒక రైస్ మిల్లులో ముప్పయ్యేళ్లు లెక్కలు రాశాను. మిల్లు లెక్కల కన్నా చుట్టాల అప్పుల లెక్కలే ఎక్కువ చూశానేమో. మా ఇంటి లోను, మా తమ్ముడిది, మా చెల్లెలివాళ్లది, మిల్లు లారీ డ్రైవర్లు ఇద్దరివి, అన్నీ దగ్గరుండి తీర్చేలా చేశాను. నేను క్రోధి నామ సంవత్సరంలో పుట్టాను. 2024లో మళ్లీ క్రోధి వచ్చేసరికి నా పేరు మీద రూపాయి బాకీ లేదు.

అయినా ఏటా సంక్రాంతికి ఎవరో ఒకరు వచ్చి, "కడుతూనే ఉన్నానండీ, అప్పు మాత్రం తరగట్లేదు" అంటారు. కట్టిందంతా ఎక్కడ జమ పడిందని అడిగితే మొహం తేలేస్తారు. ఆ జమ దగ్గరే అంతా ఉంది. ముందు తేలికైన పనులు గబగబా చెప్పేసి అక్కడికొస్తాను.

ఒక పుస్తకం కొనండి

రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఫోన్లో యాప్ వద్దు. యాప్‌లో రాసిన అప్పు రాత్రి నిద్రపట్టనివ్వదు గానీ తీరదు. ఒక్కో అప్పుకి ఒక్కో పేజీ: ఎవరికి, ఏ తేదీన, అసలెంత, వడ్డీ ఎంత, ఏం తాకట్టు పెట్టాం, కాగితం ఎవరి దగ్గరుంది. ఆ చివరిది ఎవరూ రాయరు, మీరు రాయండి. మొగుడూపెళ్లాలు పక్కపక్కన కూర్చునే రాయాలి. డ్వాక్రాలో తెచ్చింది, గాజులు పెట్టి తెచ్చింది ఆయనకి తెలియదు. చేపల చెరువు మేత బాకీ, స్నేహితుడికి హామీ సంతకం ఆవిడకి తెలియదు. మా చెల్లెలింట్లో ఈ పుస్తకం రాసిన సాయంత్రం అన్నం ఎవరూ తినలేదు. ఫర్వాలేదు, మర్నాడు తిన్నారు.

తేదీ పెట్టుకోండి

మన తరానికి పుట్టినరోజులు రెండు. ఒకటి అమ్మకి గుర్తున్న తిథి, రెండోది బడిలో మాష్టారు వేసిన జులై ఒకటో తారీఖు. బ్యాంకువాళ్లు రెండోదే చూస్తారు. మీరు మాత్రం రెండూ వదిలేసి, షష్టిపూర్తికి ముందొచ్చే దాళ్వాని, అంటే రబీ వరి పంటని, గడువుగా పెట్టుకోండి. పీటల మీద కూర్చునే ముందురోజు బ్యాంకులో లైన్లో నిలబడే పని పెట్టుకోకూడదు.

వడ్డీలన్నీ ఒకే కొలతలోకి మార్చండి

బ్యాంకు 9 శాతం అంటుంది, ఊళ్లో ఆయన రెండు రూపాయలంటాడు. తొమ్మిది కన్నా రెండు చిన్నదే కదా అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందులో డిగ్రీ చదివినవాళ్లూ ఉన్నారు. రెండు రూపాయలంటే నూటికి నెలకి రెండు, ఏడాదికి 24. మూడు లక్షల ప్రోనోటుకి (అప్పు తీసుకుని సంతకం పెట్టి రాసిచ్చే కాగితం, ఊళ్లో నోటు అంటాం) నెలకి ఆరు వేలు, ఏడాదికి 72 వేలు పోతాయి, అసలు అలాగే కూర్చుని ఉంటుంది. క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టకపోతే నెలకి మూడు రూపాయలు దాటుతుంది.

ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలి. ముందు చిన్న అప్పులు తీర్చేయండి, హుషారొస్తుంది అని వీడియోల్లో చెప్తున్నారు. హుషారు కావాలంటే రేవులో ఈత కొట్టండి. అప్పుకి లెక్క కావాలి. నా వరస ఇది: కార్డు, రూపాయల వడ్డీ నోట్లు, తర్వాత బంగారం, ఆ తర్వాత ఇంటి లోను. పంట రుణం జోలికి తొందరపడి వెళ్లకండి. మూడు లక్షల దాకా 7 శాతం, గడువులోపు కట్టేస్తే 3 శాతం రాయితీ, అంటే మనకి పడే వడ్డీ 4. అంత చవకగా ఇంకెవరూ ఇవ్వరు. గడువు మాత్రం ఒక్కరోజు కూడా దాటనివ్వకండి, రాయితీ పోతుంది.

ఇంట్లో బంగారం ఊరికే ఉంటే బ్యాంకులో పెట్టి నోటు తీర్చేయండి. అక్కడి వడ్డీ రెండు రూపాయల్లో సగం కూడా ఉండదు. "బంగారం గడప దాటకూడదు" అని మా అత్తగారు ఒప్పుకోలేదు. బంగారం గడప దాటకుండానే ఏడాదికి 72 వేలు గడప దాటుతున్నాయండీ అని పుస్తకం చూపించాక ఒప్పుకున్నారు. చీటీ పాడుకుని అప్పు తీరుస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. తగ్గించి పాడుకున్న చీటీ ఇంకో అప్పే, పేరు వేరు.

జమ వేయించడం

ఇక్కడ నిదానంగా చదవండి. డబ్బివ్వడం ఒక పని, అది మీ బాకీలో తగ్గడం ఇంకో పని. మొదటిది చేసి రెండోది కూడా అయిపోయిందనుకోవడం వల్లే సగం ఇళ్లు మునిగాయి.

ముందు ప్రోనోటు సంగతి. మా చెల్లెలి పెళ్లికి ఊళ్లో ఒక పెద్దాయన దగ్గర లక్షన్నర తెచ్చాను. రెండో ఏడు దాళ్వా డబ్బు రాగానే యాభై వేలు పట్టుకెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని, డబ్బు లెక్కపెట్టుకుని తుండుగుడ్డలో మూట కట్టారు. నోటు మీద రాయండి బాబాయ్ అన్నాను. "పెట్టె తాళం మీ పిన్ని దగ్గరుంది, రేపు రాద్దాంలే అబ్బాయ్. మన మధ్య రాతలేంటి?" అన్నారు. ఆ రేపు రాలేదు. రెండు నెలలకి ఆయనే పోయారు. పెద్దకర్మ అయ్యాక కొడుకు నోటు తెచ్చి నా ముందు తిప్పాడు. ముందు వైపు రెవెన్యూ స్టాంపు మీద నా సంతకం. వెనక తెల్లగా ఉంది. అతన్ని ఏమనగలను? కాగితం మీద లేనిది అతనికెలా తెలుస్తుంది? ఆ యాభై వేలూ వడ్డీతో సహా మళ్లీ కట్టాను.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. నోటు బయటికి తీస్తేనే డబ్బు జేబులోంచి తీస్తాను. నోటు వెనక తేదీ, మొత్తం అంకెల్లో, అక్షరాల్లో రాయాలి. వడ్డీ కింద ఎంత, అసలు కింద ఎంత అన్నది విడివిడిగా రాయాలి. అలా రాయకపోతే డబ్బు ముందు వడ్డీకే పోతుంది, మిగిలితేనే అసలుకి. రాసింది ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. నోటు ఎలాగూ వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి, వాళ్ల సంతకంతో రసీదు మన దగ్గర ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇంకా మంచిది. పెద్దవాళ్లు నొచ్చుకుంటారని మొహమాటపడకండి. "మా అన్నయ్య ఊరుకోడండీ, లెక్కల మనిషి" అని నా మీద పెట్టేయండి, చాలామంది అలాగే చేస్తున్నారు.

వెనక సంతకం పెడితే గడువు మళ్లీ మూడేళ్లు మొదలవుతుందని కొందరు జంకుతారు. నిజమే, నోటుకి గడువు మూడేళ్లే. జమ వేసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ లెక్క. కానీ తీర్చాలనుకున్నవాడికి దాంతో పనేమిటి? భయపడాల్సింది వేరే ఉంది. గడువు దగ్గరపడగానే అప్పిచ్చినవాళ్లు నోటు తిరగరాయమంటారు. అప్పుడు పాత వడ్డీ అసలులో కలిసిపోతుంది, అక్కడినుంచి వడ్డీకి వడ్డీ. ఆ రోజు ఎలాగోలా వడ్డీ కట్టేసి, పాత అసలుకే కొత్త నోటు రాయండి. ముఖ్యంగా పాత నోటు చేతిలో పడందే కొత్తదాని మీద సంతకం పెట్టకండి. "ఎక్కడో ఉంది, చించేస్తాలే" అంటారు. చించేది మీరే అవ్వాలి. లేకపోతే ఒకే అప్పుకి రెండు నోట్లు బతికుంటాయి. మిల్లు డ్రైవరు ఒకతనికి ఇదే జరిగింది. పెద్దమనుషుల్లో తేలడానికి ఏడాది పట్టింది. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక బ్యాంకు. అక్కడ కాగితాలకి లోటుండదు, కానీ జమ తప్పు చోట పడుతుంది. లెక్క చూడండి: 20 లక్షలు, 9 శాతం, 20 ఏళ్లు అయితే నెల వాయిదా దాదాపు 18 వేలు. మొదటి నెల అందులో 15 వేలు వడ్డీ, అసలులో తగ్గేది మూడు వేలే. ఐదేళ్లలో 10.8 లక్షలు కట్టాక చూస్తే ఇంకా 17.74 లక్షలు ఉంటుంది. ఈ అంకె చూసి మా తమ్ముడు మేనేజరుతో పోట్లాటకెళ్లబోయాడు. మేనేజరు తప్పేం లేదు, వాయిదా లెక్కే అంత. అందుకే విడిగా ముద్దగా డబ్బు కట్టాలి.

ఆ ఐదో ఏట లక్ష అదనంగా కట్టారనుకుందాం. వాయిదా మార్చకుండా గడువు తగ్గిస్తే దాదాపు 20 నెలలు ఎగిరిపోతాయి, అంటే మూడున్నర లక్షల పైచిలుకు వాయిదా సొమ్ము. అదే లక్షకి గడువు ఉంచి వాయిదా తగ్గిస్తే నెలకి వెయ్యి రూపాయలు మిగులుతుంది, పదిహేనేళ్లకి లక్షా ఎనభై వేలు. ఆ వెయ్యి ఎవరూ దాచరు, నేను ఎక్కడా చూడలేదు. కౌంటర్‌లో "ఏం చేయమంటారు సార్" అని అడగరు, వాళ్లకి తోచింది చేసేస్తారు. లోను లింకయిన ఖాతాలో వేసి వచ్చేస్తే అది అసలు కట్టినట్టు కాదు. కొన్నిచోట్ల ముందు నెలల వాయిదాలుగా పట్టుకుంటారు. అందుకని తెల్లకాగితం మీద రాసివ్వండి: "ఈ మొత్తాన్ని అసలు కింద జమ చేసి, నెల వాయిదా మార్చకుండా గడువు తగ్గించగలరు." నకలు మీద ముద్ర వేయించుకోండి. వారం తర్వాత స్టేట్‌మెంట్ తీసి, మిగిలిన నెలలు తగ్గాయో లేదో వేలు పెట్టి చూడండి. తగ్గలేదంటే మళ్లీ వెళ్లండి. నేను ఒకసారి మూడుసార్లు తిరిగాను.

మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి లోనుకి ముందుగా కట్టినందుకు ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఎవరైనా అడిగితే ఆ మాట గుర్తుచేయండి.

పంట డబ్బు

జీతగాళ్లకి నెలనెలా వస్తుంది, మనకి విడతలుగా వస్తుంది. సార్వా (ఖరీఫ్ వరి) డబ్బు డిసెంబరులో చేతికొస్తుంది, జనవరిలో కోడిపందేల బరిలో పోతుంది. భోగి నాటికి జేబులో ఎంత ఉందో కనుమ నాటికి ఎంత ఉందో భీమవరం చుట్టుపక్కల ఎవర్నైనా అడగండి. అందుకని ధాన్యం డబ్బు పడ్డ వారంలోనే అప్పు వాటా కట్టేయాలి. దాళ్వా కూడా అంతే. కొబ్బరి దింపు డబ్బు ఇంటిఖర్చుకి ఉంచండి.

ఒక పంట పెట్టుబడికి సరిపడా సొమ్ము మాత్రం ముట్టుకోకుండా బ్యాంకులో ఉండాలి. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు పడిపోయిన మర్నాడు, అప్పులన్నీ తీర్చేసి చేతిలో ఏమీ ఉంచుకోని మా పెదనాన్నగారి అబ్బాయి మళ్లీ మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నాడు.

కాగితాలు వెనక్కి తెచ్చుకోవడం

లోను తీరగానే బాకీ లేదన్న పత్రం తీసుకోండి. అసలు దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు వాళ్లే ఇవ్వాలి, 2023 డిసెంబరు నుంచి ఇదే నిబంధన. లింకు డాక్యుమెంట్లతో (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) సహా పేజీలు లెక్కపెట్టుకునే సంతకం పెట్టండి. తనఖా రిజిస్టరయి ఉంటే విడుదల కూడా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించి, ఈసీ (ఆస్తి మీద ఏమేం రిజిస్టరయ్యాయో చూపే పత్రం) తీయించి, అందులో తనఖాతో పాటు విడుదల కూడా ఎక్కిందో లేదో చూసుకోండి.

తీరిన నోట్లు, రసీదులు, దస్తావేజులు అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద పెట్టండి, బీరువా కింది అరలో కాదు. 1986 గోదావరి వరదకి మా మేనత్తగారి లంక ఊళ్లో బీరువా దాకా నీళ్లొచ్చాయి. దస్తావేజులు బియ్యప్పిండి ముద్దల్లా తేలితే వాటిని దండెం మీద ఆరేసి, ఏ అక్షరం ఏదో చదవడానికి మూడు రోజులు కూర్చున్నాం.